చచ్చినవాడి పేరు చెప్పించారు

మా ఆయన తలతో గుద్దిన దెబ్బకు మా బావ ముందు పళ్ళు రెండు ఊడిపడ్డాయి. ఆయనకు మొదటిసారి ఘాబరా వచ్చిన రోజు అది. అప్పటికి దాన్ని ఏ పేరుతో పిలవాలో మాకెవరికీ తెలియదు.

పొద్దున గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. బయట కూడా ఏ గొడవా లేదు. సాసర్లో చాయ్ వణకడం ముందు చూశాను. తర్వాత ఆయన చేతులు, భుజాలు, దవడ వణికాయి. సాసర్ విసిరేసి లేచాడు. చూస్తుండగానే ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది.

"గాలి ఆడుతలేదే. ఛాతీల ఏందో పట్టింది. సచ్చిపోతున్న," అన్నాడు.

నేను కేక వేశాను. పక్కింట్లో ఉండే మా బావ, మా ఆయన సొంత అన్న, తన టోలీ మనుషులతో పరుగెత్తుకొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ మహారాష్ట్ర అంచున ఉన్న మా ధర్మాబాద్ మోండాలో హమాలీలు. మోండా అంటే మా ధాన్యం బజారు. అక్కడ బస్తాలెత్తేవాళ్ళు టోలీలుగా పనిచేస్తారు. టోలీలో ఒకడు కూలబడితే మిగతావాళ్ళకు తెలిసిన వైద్యం ఒక్కటే. బరువు కింద నరం పట్టేసిందని ఇద్దరు చెరో చేయి పట్టి వెనక్కి గుంజుతారు, ఒకడు వీపు మధ్యన మోకాలు పెట్టి తంతాడు. టక్కుమని చప్పుడొస్తే నరం దిగినట్టు. అట్లా తన్నులు తిని, లేచి, మళ్ళీ బస్తా ఎత్తినవాళ్ళే అందరూ.

మా ఆయనకూ అదే చేశారు. ఛాతీ పట్టిందన్నాడు కదా. చేతులు పట్టి గుంజగానే మనిషి మారిపోయాడు. నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన నా మీద చేయెత్తలేదు. ఆ రోజు ఒకడి మణికట్టు కొరికితే కండ వేలాడింది. ఇంకొకణ్ణి పొయ్యి మీదకు తోశాడు. ముందు నుంచి వచ్చి పట్టుకోబోయిన అన్న ముఖాన్ని తలతో పగలగొట్టాడు. అడ్డం వెళ్ళిన నన్ను తన్నాడు. పక్కటెముకల మీద తగిలిన ఆ తన్నుకు చాలా రోజులు నేను ఒక పక్కకు తిరిగి పడుకోలేకపోయాను.

బావ నోట్లోంచి రక్తం ఉమ్మేసి, "గిది మా తమ్ముని బలం కాదు," అన్నాడు.

ఆ మాటతోనే అంతా మొదలైంది.

అంతకు కొన్ని నెలల ముందు గోదాములో సోయాబీన్ బస్తాల థప్పీ కూలింది. ఒకదాని మీద ఒకటి గోడలాగా పేర్చిన బస్తాలను థప్పీ అంటారు. దాని కింద ఇద్దరు పడ్డారు. మా ఆయన కాళ్ళు బయటికి కనిపించాయి కాబట్టి ముందు ఆయన్ని గుంజారు. రెండో ఆయన్ని తీసేసరికి ప్రాణం లేదు. ఆయన టోలీకి పెద్ద, మా ఆయన అన్నా అని పిలిచేవాడు. ఆ శవాన్ని నేను చూశాను. నోట్లో, ముక్కులో దుమ్ము కుక్కుకుపోయి ఉంది. ముఖం వంకాయ రంగుకు తిరిగింది.

బావ అన్న మాటకు అందరికీ ఆ ముఖమే గుర్తొచ్చింది. సంచులు కట్టే తాడు తడిపి మా ఆయన వీపు మీద కొట్టడం మొదలుపెట్టారు. ఒకడు ఆయన ముక్కుకు చెప్పు అదిమి పట్టాడు.

"ఎవడ్రా నువ్వు? పేరు చెప్పు! చెప్తనే ఇడుస్తం!"

ఆయన తన పేరే చెప్పాడు. తాడు పడింది. మళ్ళీ తన పేరే చెప్పాడు. మళ్ళీ పడింది. చర్మం చిట్లి చొక్కా అంటుకుపోయాక చచ్చినాయన పేరు చెప్పాడు. తాడు ఆగింది.

"సూసిన్రా!" అన్నాడు బావ. నోరు వాచి మాట సరిగ్గా రాకపోయినా ఆ గొంతులో గెలిచిన సంబరం ఉంది.

మధ్యాహ్నానికల్లా చచ్చినాయన భార్య మా ఇంటికి వచ్చింది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. వచ్చి నా వైపు చూడకుండా మా ఆయన ముందు కూలబడింది. అప్పటికి ఆయన ఘాబరా దిగిపోయి, తడిసిన గుడ్డలాగా పడి ఉన్నాడు.

"ఏమయ్యా, ఇంకా కోపమున్నదా నా మీద?" అని ఆయన్ని అడిగింది.

థప్పీ కూలిన రోజు పొద్దున భార్యాభర్తలు తిట్టుకున్నారట. ఆయన అన్నం ముట్టకుండా పనికి పోయాడట. అదొక్కటే ఆమె అడగదలచింది. మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. తాడు మళ్ళీ పడుతుందేమోనని బావ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కోపం లేదని. ఆమె ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చింది.

ఇక ఘాబరా వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. వస్తే చెప్పి రాదు. అన్నం కలుపుతుండగా వచ్చేది, గడ్డం గీసుకుంటుండగా వచ్చేది. అరచేతులు తిమ్మిరెక్కి వేళ్ళు వంకర తిరిగేవి. ఎవరో ఒకరు బావకు చెప్పేవారు, ఇంకొకరు అక్కను పిలుచుకొచ్చేవారు. పట్టుకునేవారు, ఆయన తిరగబడేవాడు, కొట్టేవారు, చచ్చినవాడి పేరు చెప్పేవాడు. అక్క తన ప్రశ్నలు అడిగేది. మేక అమ్మాలా వద్దా, చెల్లెలి ఇంటికి పోవాలా వద్దా. అన్నిటికీ తల ఊపించుకుని కళ్ళు తుడుచుకుని వెళ్ళేది.

ఒకసారి నేను ఆగలేక, "అక్కా, గాయన నీ పెనిమిటి కాదే. నా మొగుడు," అన్నాను.

"నీకున్నడు గద. నాకు గంతనే దొరుకుతున్నడు. గది సుత ఓరుస్తలేవా?" అంది. నేను ఆమె జుట్టు పట్టుకున్నాను. ఆమె నా బుగ్గ గీరింది. ఇద్దరం మురికికాలువ దాకా దొర్లాం. వాడకట్టు ఆడవాళ్ళు విడదీశారు. "మొగోళ్ళు సాలలేదా, మీరు సుత షురూ చేసిన్రా!" అని ఒక ముసలామె మా ఇద్దరి నెత్తిన చెరో చెంబెడు నీళ్ళు పోసింది.

తర్వాత బావ ఎక్కడి నుంచో ఒక భగత్‌ను తెచ్చాడు. దయ్యాలను వదిలిస్తానని తిరిగే మనిషి. మిరపకాయలకు మా బజారులో కొదవా? నిప్పుల తట్టలో దోసెడు ఎండుమిరపకాయలు పోసి, మా ఆయన తల మీదుగా గొంగడి కప్పి, తట్ట దాని కిందకు తోశారు. నలుగురు నాలుగు మూలలా గొంగడి నొక్కి కూర్చున్నారు. గాలి ఆడటం లేదని మొత్తుకునే మనిషికి అది మందు. లోపల నుంచి వచ్చిన అరుపు ముందు మనిషిదిలాగా ఉంది. తర్వాత గొంతు కోసిన పశువుదిలాగా అయింది. తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడం విని నేను లేచాను. గోడకు తగిలించిన బస్తా హుక్కు తీసి భగత్ భుజంలో దింపాను. వాడు అరిచి గొంగడి వదిలాడు. తట్టను తన్నితే నిప్పులు బావ పాదాల మీద పడ్డాయి. గొంగడి గుంజితే మా ఆయన ముఖం ఎర్రగా ఉబ్బి, కళ్ళు మూసుకుపోయి, నోటి నుంచి నురగ కారుతోంది. వాకిట్లోకి ఈడ్చి నీళ్ళు కుమ్మరించాను. చాలాసేపటికి దగ్గాడు.

భగత్ మళ్ళీ కనబడలేదు. బావ మాత్రం కాలికి గుడ్డ చుట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఓ పొల్లా, ఇగ నాతోని కాదు. అచ్చే అమాసకు గొలుసులు కట్టే జాగకు తీస్కపోత. గాడనే ఉంటడు, అది దిగిందాంక."

దయ్యం పట్టిందన్నవాళ్ళను గొలుసులతో కట్టేసి ఉంచే ఆ చోటు గురించి మాకు తెలుసు. మా వాడకట్టు నుంచి అక్కడికి పోయిన ఒకాయన చీలమండల దగ్గర ఎముక కనిపించేలా పుండ్లతో తిరిగొచ్చి, ఆ చీముతోనే పోయాడు.

"పానం పోతది బావా."

"మరి ఏం జెయ్యాలె? రేపు నిన్ను సంపితే? నన్ను సంపితే?" బావకు తమ్ముడి మీద ప్రేమ లేదని నేను రాయలేను. చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని పెంచినవాడు. "ఒక్కటి చెప్త. గా సచ్చినాయన పెండ్లాం అచ్చి, నా మొగడు కాదు అన్నదంటే ఇడుస్త. ఎవని పెండ్లాం వాణ్ణి గుర్తుపట్టదా?"

అమావాస్యకు ఇంకా వారాలున్నాయి. పెద్దాస్పత్రిలో చూపిద్దామని మా ఆయన్ని తీసుకుని నాందేడ్ పాసింజర్ ఎక్కాను.

రైలు నిండా జనం. ముద్‌ఖేడ్ దాటాక వచ్చింది ఘాబరా. ఆయన తలుపు వైపు మనుషుల్ని తోసుకుంటూ పోయాడు. ఒకావిడ మెడలోని గొలుసుకు చేయి తగిలింది. "చోర్! చోర్!" అని అరుపు లేచింది. బెల్టులు ఊడదీశారు. ఒకడు బూటు కాలితో ముఖం మీద తొక్కాడు. నేను ఆయన మీద బోర్లా పడి, "చోర్ నాహీ, ఆజారీ ఆహే!" అని మరాఠీలో అరిచాను. దొంగ కాదు, జబ్బు మనిషి అని. ఆ బెల్టు దెబ్బలు కొన్ని నా వీపు కూడా తిన్నది. ఇద్దరం రక్తంతోనే ఆస్పత్రి వరసలో నిలబడ్డాం. కాపలా మనిషి మమ్మల్ని ముందు పోలీసు కేసుల గదికి పంపించాడు.

ముందు గుండె పరీక్ష చేశారు, రక్తం తీశారు. గుండె బాగానే ఉందన్నారు. అక్కడి నుంచి మనసు డాక్టరు గదికి పంపారు. చిన్న వయసు ఆడమనిషి. మా ఆయన వీపు చూసి, కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా పోయి వచ్చింది.

"ఘాబరూ నకా," అంది. భయపడకండి అని.

"గట్లంటే పోతదా మేడం? గా మాట మా అన్న సుత అన్నడు, తాడుతోని," అన్నాడు మా ఆయన. ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆయన కూడా నవ్వాడు. పగిలిన పెదవి మళ్ళీ పగిలింది.

ఆమె మరాఠీలో చెప్పింది మన మాటల్లో రాస్తాను. ఇది దయ్యం కాదు, పిచ్చి కాదు, గుండెపోటు కాదు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఒళ్ళు తనను కాపాడుకోవడానికి కొట్టుకుంటుంది. ఆపద లేకపోయినా అదే కొట్టుకోవడం ఒక్కోసారి వస్తుంది. ఎంత భయంకరంగా ఉన్నా, దానంతట అది పైకి పోయి దానంతట అదే దిగుతుంది. పట్టుకోవద్దు, కట్టొద్దు. పక్కన కూర్చోండి. ఊపిరి పీల్చడం గురించి కాదు, వదలడం గురించి చెప్పండి, మెల్లగా, పొడుగ్గా వదలమనండి. మాత్ర రోజూ వేయాలి. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, మొదట్లో ఇంకాస్త ఎక్కువైనట్టు కూడా ఉండొచ్చు. తగ్గిందని మీ అంతట మీరు ఆపొద్దు. బస్తాల దగ్గరికి పోవడం మానొద్దు, కొంచెం కొంచెంగా దగ్గరికి పోవాలి. పొగ పెట్టిన సంగతి చెబితే మాత్రం ఆమె నన్ను సూటిగా చూసి, "ఇంకొక్కసారి పెడితే చచ్చిపోతాడు," అంది.

తర్వాత నన్ను బయట కూర్చోమంది. ఆయన లోపల చాలాసేపు మాట్లాడాడు. తలుపు సందులోంచి ఆయన ఏడుపు వినబడింది. ఏం చెప్పాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

చీటీ మీద ఏముందో చదవడం అప్పుడు నాకు రాదు. బోధన్ నుంచి వచ్చిన కోడలు చాలా ఏళ్ళ తర్వాత నాకు అక్షరాలు నేర్పింది. అందుకని డాక్టరు చెప్పిన మాటలన్నీ దారంతా గొణుక్కుంటూ వచ్చాను.

మొదటి వారం నిజంగానే ఎక్కువైంది. ఘాబరా రాగానే తలుపు గడియ పెట్టి, మూరెడు దూరంలో కూర్చుని, "ఇడువు, ఊపిరి ఇడువు, ఇంకా ఇడువు," అనేదాన్ని. బయట బావ తలుపు బాదేవాడు. లోపల ఈయన గోడకు పిడికిళ్ళు బాదేవాడు, వేళ్ళ తోలు లేచిపోయేది. నేను ముట్టుకునేదాన్ని కాదు. ముట్టుకోకుండా ఉండటం దెబ్బ తినడం కంటే కష్టం. నా చేతులు నా తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు గోడను కొట్టడం తగ్గింది. ఇంకొన్నాళ్ళకు ఆయనే, "ఎక్కుతున్నది... ఎక్కుతున్నది... ఇగ దిగుతున్నది," అని చెప్పేవాడు, బావిలో బొక్కెనను చూస్తున్నట్టు. సందు చివర బస్తాల దుకాణం ఎదుట ఇద్దరం రోజూ కాసేపు నిలబడి వచ్చేవాళ్ళం.

అక్కను ఈ రోజుల్లో నేను లోపలికి రానివ్వలేదు. ఆమె గడప బయట నిలబడి నన్ను నానా మాటలూ అనేది. "నా మొగన్ని మందు పెట్టి సంపుతున్నవే! రెండుసార్లు సావాల్నా గాయన?" అని ఒకసారి తలుపు మీద రాయి విసిరింది.

అమావాస్య పొద్దున బావ టోలీ మనుషులతో, ఆటోతో వచ్చాడు. ఆయన చేతిలో తాడు ఉంది. మా ఆయన వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. తాడు చూడగానే రంగు మారింది, గోడకు జారి కూర్చున్నాడు. చేతులు వంకర తిరగడం మొదలైంది.

"పట్టున్రి," అన్నాడు బావ.

నేను కొడవలి తీసుకుని ముందు నిలబడ్డాను. "ముట్టుకున్నోని చెయ్యి నరుకుత. బావా, నిన్ను సుత."

భగత్ భుజం సంగతి వాళ్ళకు తెలుసు. ఎవరూ కదల్లేదు. ఒకడు పక్క నుంచి రాబోతే కొడవలి ఊపాను, వాడి ముంజేయి చిట్లింది. వాడు తిట్టుకుంటూ వెనక్కి పోయాడు. ఈలోగా అక్కను ఎవరో పిలుచుకొచ్చారు. జనాన్ని తోసుకుని నా ముందుకు వచ్చింది.

"నన్ను సుత నరుకుతవా?"

నరకగలిగేదాన్నే. కానీ బావ పెట్టిన షరతు ఈమె నోట్లోనే ఉంది. కొడవలి దించి పక్కకు జరిగాను. నా జీవితంలో అంతకంటే భయపడి వేసిన అడుగు లేదు.

ఆమె ఆయన ముందు కూర్చుని, "ఏమయ్యా, తీస్కపోతున్నరు నిన్ను. ఏమన్న చెప్పేదుంటే చెప్పు," అంది.

మా ఆయన పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఊపిరి పొడుగ్గా వదిలాడు. మళ్ళీ వదిలాడు. కళ్ళు ఆమె ముఖం మీదే పెట్టి చెప్పాడు.

"వదినా, నేను. నేనే. అన్న కాదు."

"నీ పేరు నువ్వే చెప్పినవ్ గద!"

"కొడుతుంటే చెప్పిన. అన్న థప్పీ కిందనే పోయిండు వదినా. నా చెయ్యి పట్టుకొని ఉండె. బయటి నుంచి నా కాళ్ళు పట్టి గుంజిన్రు. గుంజకున్రి, ఇంకొకడున్నడు అని అరిచిన. నోట్ల దుమ్ము. ఎవ్వనికి ఇనవడలె. ఆయన చెయ్యి జారింది. గట్టిగనే పట్టిండు. జారింది."

ఆ రోజు కాళ్ళు పట్టి గుంజినవాళ్ళలో బావ ఉన్నాడు. తాడు ఆయన చేతిలోనే ఉంది, కానీ దాన్ని పట్టుకున్నట్టు లేదు.

"కోపం లేదని తలకాయ ఊపినవ్?" అంది అక్క.

"నేనే ఊపిన. భయానికి ఊపిన. కోపం ఉన్నదో లేదో అన్న చెప్పలె."

ఆమె ఆయన చెంప మీద కొట్టింది. ఆ చప్పుడుకు కాకులు లేచాయి. మళ్ళీ కొట్టింది. పిడికిళ్ళతో ముఖం మీద, ఛాతీ మీద, భుజాల మీద కొట్టింది. ముక్కు పగిలి రక్తం గడ్డం మీదకు కారింది. ఇంతమందిని కొట్టిన మనిషి, నలుగురు కలిసి పట్టినా ఆగని మనిషి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళ వంకర మెల్లగా సాపవుతోంది. ఊపిరి వదులుతున్నాడు. నా కాళ్ళు ముందుకు పోబోతే నేనే వాటిని ఆపాను.

ఆమె అలసిపోయింది. కొప్పు విడిపోయింది. బావ వైపు తిరిగి, "కాదు," అంది.

"ఏంది?"

"నా మొగడు కాదు. నా మొగడైతే గిన్ని దెబ్బలకు ఊకుంటుండెనా? తీస్కపో నీ తాడు."

బావ తాడు చుట్ట చుట్టుకుని, ఊడిన పళ్ళ సందు కనిపించేలా నోరు తెరిచి ఆటోవాణ్ణి పొమ్మన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు తమ్ముడి ముఖం చూడలేకపోయాడు. ఘాబరా ఆ రోజుతో పోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. మాత్రలు చాలా కాలం వేసుకున్నాడు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాడు. మోండాలో ఇప్పుడు బస్తాలెత్తడు, తూకం దగ్గర ఉంటాడు.

ఆ పొద్దున మాత్రం జనం పోయాక కూడా అక్క లేవలేదు. తన పిడికిళ్ళ మీద రక్తం చీరకు తుడుచుకుంది. అది ఆయనదో, తన వేళ్ళు చిట్లితే వచ్చిందో చూసుకోలేదు.

"ఇంకేమన్న అన్నడా? గా థప్పీ కింద?" అని అడిగింది.

మా ఆయన ముక్కు తుడుచుకున్నాడు. నా వైపు తిరిగి, "వదినకు నీళ్ళియ్యి," అన్నాడు. తర్వాత ఆమెతో, "అన్నడు. శానా అన్నడు. చెప్త," అన్నాడు.